లెక్చరరు చూసినాడు

పోయిన వారం మా కాలేజీ సెమినార్ హాల్లో నవ్వకూడని చోట నవ్వాను. కుప్పంలో ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పుకుని బతుకుతున్నవాణ్ణి. ముందు వరుసలో, ప్రిన్సిపాల్‌గారి పక్క కుర్చీలో కూర్చుని నవ్వడమంటే నాలాంటివాడికి చిన్న విషయం కాదు. బెంగళూరు నుంచి వచ్చిన నిపుణుడొకాయన తెర మీద బొమ్మ చూపిస్తున్నాడు. ఇస్త్రీ మడత నలగని తలపాగా చుట్టుకున్న రైతొకడు ఫోను మీద వేలు పెట్టి మురిసిపోతున్నాడు, వెనకాల మోటారు ధారగా నీళ్లు పోస్తోంది. "రాబోయే రోజుల్లో రైతు ఎక్కడున్నా ఫోనుతోనే పొలానికి నీళ్లు పెట్టుకుంటాడు" అన్నాడాయన. ఆ "రాబోయే" దగ్గర నాకు ఆగలేదు. ప్రిన్సిపాల్‌గారు తల తిప్పి చూసేసరికి నవ్వును దగ్గు చేసుకున్నాను గానీ, ఆయన నమ్మలేదు.

నాకు టవరప్ప గుర్తొచ్చాడు.

అది ఆయన పేరు కాదు. అసలు పేరు నాకు తెలుసు గానీ రాయను. రాసినా మా పక్క ఎవరూ గుర్తుపట్టరు. పుంగనూరు చుట్టుపక్కల ఊళ్లన్నీ ఆయన్ని టవరప్ప అనే పిలిచాయి. మా వైపు సిగ్నల్ అనే మాట వాడరు. "టవరు లేదు", "టవరు వస్తా పోతా ఉండాది" అంటారు. మా ఊరు మూడు గుట్టల నడుమ గుంటలో ఉంటుంది. అక్కడికి టవరు రావాలంటే గుట్టెక్కి దిగి రావాలి, దానికంత ఓపిక ఉండేది కాదు. ఊళ్లోకి సెల్‌ఫోన్లు వచ్చిన కొత్తలో చెయ్యి పైకెత్తి, మెడ వెనక్కి వంచి, గట్ల మీద ఫోనుతో తిరిగిన మొదటి మనిషి ఆయన. దూరం నుంచి చూసిన ఆడవాళ్లు ఎవరో దేవుడికి దీపం మొక్కుకుని తిరుగుతున్నాడనుకున్నారట.

పుంగనూరులో మదనపల్లె రోడ్డు మీద ఆయనకు మోటార్ వైండింగ్ అంగడి ఉండేది. కాలిపోయిన మోటార్లకు రాగితీగ చుట్టి మళ్లీ ప్రాణం పోసే పని. చదువు ఎనిమిదో తరగతిలో ఆగిపోయిందట కదా అని నేనొకసారి అంటే, "ఆగిపోలేదప్పా, ఫ్యూజు పోయిండాది" అని సవరించాడు. మనుషుల్ని కూడా కరెంటు లెక్కల్లోనే చూసేవాడు. ముక్కు మీద కోపం ఉన్నవాణ్ణి చూపించి "వానికి ఎర్తు లేదు, తాకితే కొడతాడు" అనేవాడు. మాటలే తప్ప పని చేయని ఒక పెద్దమనిషిని "సింగిల్ ఫేజు. బల్బు ఎలుగుతాది గానీ మోటారు తిరగదు" అని తేల్చేశాడు. "మరి నేనేంటన్నా?" అని అడిగాను, పొగుడుతాడన్న ఆశతో. నన్ను పైనుంచి కిందికి చూసి, "నువ్వు మీటరప్పా. ఎంత కాలిందో కరెక్టుగా సెప్తావు. కాలకుండా సూసేది మాత్రం నీ పని గాదు" అన్నాడు. అప్పుడు అందరితో పాటు నేనూ నవ్వాను.

ఆయన ఫోనును పాల ప్యాకెట్ కవర్లో పెట్టి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి ఉంచేవాడు. వాన, చెమట, గ్రీజు ఏదీ దానికి తగలకూడదు. మాట్లాడేటప్పుడు గొంతు సరిగా వినిపించకపోతే ఎడమకాలి చెప్పు విడిచి, పాదం నేల మీద గట్టిగా అదిమి నిలబడేవాడు.

"యాలన్నా చెప్పు తీస్తావు?"

"ఎర్తు కావల్ల గదప్పా."

"ఫోనుకు ఎర్తు అక్కర్లేదన్నా. అది గాల్లో తరంగాల మీద నడుస్తుంది."

"మీ పుస్తకంలో అక్కర్లేదులే. మా ఊళ్లో కావల్ల" అని చెప్పు కొంచెం దూరంగా జరిపేవాడు.

అవతలి ఫోను కలవనప్పుడు వచ్చే ఆడగొంతుతో ఆయనకు ప్రత్యేకమైన స్నేహం. మీరు కాల్ చేస్తున్న వ్యక్తి కవరేజీ ఏరియాలో లేరు అని ఆమె చెప్తుంటే మనమంతా సగంలోనే కట్ చేస్తాం. ఆయన చివరిదాకా విని, "సరే తల్లీ, మళ్లా చేస్తాలే" అని చెప్పి మరీ పెట్టేసేవాడు. "పాపం, ఆయమ్మ ఒక్కతే ఎంతమందికని సెప్పల్లప్పా? మనమన్నా మర్యాదగా ఇనకపోతే ఎట్లా?" అనేవాడు. రికార్డింగని తెలియక కాదు. తెలిసినా ఆమె కష్టం ఆయనకు కష్టంగానే ఉండేది.

ఆయన దగ్గర పెద్ద సైజు నోటుపుస్తకాలు ఉండేవి. వాటిల్లో మా ఊరంతా ఉంది, కానీ ఇళ్లూ మనుషులూ లేరు. ఫోను తెర మీద టవరును చూపించే గీతలు ఉంటాయి కదా, ఏ చోట ఏ వేళకు ఎన్ని గీతలు వస్తాయో ఆ పుస్తకాల నిండా అదే. చింతచెట్టు కింద పొద్దున ఒకటి, ఆకు రాలాక రెండు. పాల డెయిరీ గేటు దగ్గర ఒకటి, బస్సు అడ్డం నిలబడితే సున్నా. నేల మీద ఏమీ లేకపోయినా నిచ్చెనెక్కితే ఒకటి. వెదురుగడకు ఫోను కట్టి పైకెత్తి, రింగు వినిపించిందా లేదా అని చెవి రిక్కించి మరీ రాసుకున్నాడు. నేను ఆ రోజుల్లోనే ఇదే విషయం మీద పీహెచ్‌డీ చేస్తూ, ఏసీ గదిలో కంప్యూటర్ ముందు కూర్చుని ఊహల గుట్టల మీదుగా ఊహల తరంగాలు పంపిస్తున్నాను. చింతాకు రాలితే ఒక గీత పెరుగుతుందన్న సంగతి నా కంప్యూటర్‌కు తెలియదు.

ఊరి చుట్టూ ఉన్న రాళ్ల మీద ఆయన తెల్లరంగుతో అంకెలు వేశాడు. ఒక గీత వచ్చే చోట 1, రెండు వస్తే 2. ఊరి బయట ఒక్క బండ మీద మాత్రమే 3 ఉండేది. దానికి మూడుగీతల బండ అని పేరు పడిపోయింది. ఫోను మాట్లాడాలంటే ఊరంతా అక్కడికే పోవాలి. వరసలో నిలబడాలి. ముందువాళ్లు మాట్లాడేది వెనకవాళ్లు వినాలి. అందువల్ల మా ఊళ్లో ఏ కోడలికి ఏ అత్తతో పడలేదో అందరికీ తెలుసు. ఈ విషయంలో తనకేమీ బాధ్యత లేదని ఆయన వాదన. "నేను టవరే సూపించినాను. అరిసేది వాళ్లే గదా" అనేవాడు.

ఒకసారి మదనపల్లె టమోటా మార్కెట్‌లో కనబడ్డాడు. వేలం పాట జోరుగా సాగుతోంది, క్రేట్ల మధ్య నడవడానికి సందు లేదు. ఆయన మాత్రం ఒక క్రేటు మీద కూర్చుని ఫోను చూస్తూ నోటుపుస్తకంలో రాసుకుంటున్నాడు.

"ఈ పొద్దు రేటు బ్రహ్మాండంగా ఉండాదప్పా" అన్నాడు.

"పాట విన్నావా?"

"పాట యాల? ఫోన్లో గీతలు నిండుగా ఉండాయి గానీ కాల్ ఒగటీ పోలేదు సూడు. రేటు ఎక్కితే అందరూ ఒకేసారి ఇండ్లకు ఫోన్లు చేస్తారు, కాల్ పోదు. రేటు పడితే ఎవుడూ చెయ్యడు. అబ్బుడు ఫోను ఎంత బాగా పలుకుతాదో, ఊరికే యాడికన్నా చేసుకోవచ్చు. కానీ సెప్పుకునేదానికేమి ఉంటాది?"

దీన్ని మేం క్లాసులో రెండు వారాలు చెప్తాం, బోర్డు నిండా సమీకరణాలు రాస్తాం. ఆయన క్రేటు మీద కూర్చుని నాలుగు ముక్కల్లో తేల్చేశాడు.

నన్ను చూడ్డానికి కుప్పం వచ్చినా ఆయన పరిశోధన ఆగేది కాదు. కుప్పానికి ఒక పక్క తమిళనాడు, ఇంకో పక్క కర్ణాటక. కాలేజీ ముందున్న బెంచీ మీద కూర్చుంటే ఆయన ఫోనుకు ఒకసారి తమిళంలో, ఒకసారి కన్నడంలో స్వాగతం మెసేజీలు వచ్చేవి. అవి చదవడం రాకపోయినా అక్షరాల ఆకారం చూసి ఏ రాష్ట్రమో రాసుకునేవాడు. "నా ఫోను పొద్దుటి నుండి మూడు రాష్ట్రాలు తిరిగొచ్చిండాదప్పా. నేను మాత్రం మీ క్యాంటీను టీ కోసం ఈడనే కూసోనుండాను" అని నిష్ఠూరమాడేవాడు.

ఇక మోటారు సంగతి.

ఆయన పొలం ఊరికి దూరం. కరెంటు ఎప్పుడొస్తుందో, ఎప్పుడు పోతుందో చెప్పే నాథుడు లేడు. వచ్చిందని తెలిసినప్పుడల్లా వదిన, అంటే ఆయన భార్య, బోరు దాకా నడిచి వెళ్లి స్టార్టర్ బటన్ నొక్కి రావాలి. ఆమెకు మోకాళ్ల నొప్పి. ఒక ఆదివారం నేను ఊరికి వెళితే నన్ను పిలిపించి ఒక రేకు డబ్బా ముందు పెట్టాడు. "మీ వదిన మోకాలికి మందు కనిపెట్టినా, సూడు" అన్నాడు.

డబ్బాలో ఒక పాత బటన్ ఫోను ఉంది. దానికి వైర్లు అతికించి స్టార్టర్‌కు కలిపాడు. ఆ ఫోను మోగితే, ఆ మోతకు పుట్టే చిన్న కరెంటుతో స్టార్టర్ లాగుతుంది, మోటారు తిరుగుతుంది. ఎవరూ ఫోను ఎత్తరు కాబట్టి రూపాయి ఖర్చు లేదు. ఒక్క మిస్డ్ కాల్ చాలు. మా ఊళ్లో టవరు అందదు కాబట్టి ఫోనును డబ్బాతో సహా వెదురుగడ చివర కట్టాడు. ఏ బోరు దగ్గర ఎంత ఎత్తు గడ కావాలో ఆ నోటుపుస్తకాల్లో అప్పటికే ఉంది. ఇన్నేళ్లు గీతలు ఎందుకు లెక్కబెట్టాడో నాకు అప్పుడు అర్థమైంది.

"దీంట్లో తప్పేమన్నా ఉండాదా సూడప్పా" అన్నాడు. అంత వినయంగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు. "తీగ సంగతి నాకు తెలుసు. గాల్లో వచ్చేదాని సంగతి నీకే తెలుసు. ఊళ్లో వాళ్లు మాకూ కావాలంటాండారు. నువ్వు ఊ అంటేనే చేస్తాను."

నేను గంటసేపు చూశాను. వైర్లు లాగి చూశాను. ఒకచోట టేపు సరిగా చుట్టలేదని మళ్లీ చుట్టించాను. చదువుకున్నవాణ్ణని నాకప్పుడు ఎంత గర్వంగా ఉందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తోంది. "ఏ తప్పూ లేదన్నా, ధైర్యంగా చెయ్" అన్నాను.

నెలలోపే మా ఊళ్లో ఇరవై రెండు బోర్లకు ఇరవై రెండు డబ్బాలు వెలిశాయి. ప్రతి డబ్బా మీద తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో "ఎత్తొద్దు" అని రాశాడు. దాని కింద చిన్న అక్షరాల్లో ఇంకో లైను. "లెక్చరరు చూసినాడు."

ఆ లైను చూసి మా అమ్మ ఊరంతా తిరిగి అందరికీ చెప్పింది. నేను వద్దనలేదు.

తర్వాత ఎలక్షన్లు వచ్చాయి. ఒకరోజు పొద్దున పది గంటల వేళ. టమోటా పూత మీదుంది. కరెంటు ఉంది. టవరప్ప, నేను మూడుగీతల బండ దగ్గర నిలబడి ఉన్నాం. దూరంగా ఒక మోటారు తిరగడం మొదలైంది. తర్వాత దాని పక్క పొలంలోది. తర్వాత ఆ పక్కది. ట్రాన్స్‌ఫార్మర్ తట్టుకోదని ఊళ్లో వంతులు పెట్టుకున్నారు, సగం మోటార్లు ఒక పూట, సగం ఇంకో పూట. ఇప్పుడేమో వంతులేదీ లేకుండా వరసగా అన్నీ లేస్తున్నాయి.

"ఎవురప్పా అది?" అంటుండగానే ఆయన చేతిలోని ఫోను మోగింది. ఎత్తాడు. గౌరవనీయులైన ఓటరు మహాశయులకు నమస్కారం, మీ సేవకుణ్ణి మాట్లాడుతున్నాను అంటూ ఒక నాయకుడి గొంతు. ప్రచారం కోసం రికార్డు చేసి అందరి ఫోన్లకూ వదిలిన కాల్.

నాకింకా అర్థం కాలేదు. ఆయనకు అయింది. డబ్బాల్లో వేసిన సిమ్ములన్నీ పుంగనూరు బస్టాండు దగ్గర గొడుగు కింద అమ్మే పిల్లల దగ్గర ఒకేసారి తీసుకున్నాడు. నంబర్లన్నీ వరసగా ఉన్నాయి, ఆయన తన ఫోనుకు మార్చుకున్న కొత్త నంబరు కూడా అందులోనిదే. నాయకుడు ఆ వరసలోనే ఓటర్లను పలకరించుకుంటూ వచ్చాడు. పలకరించిన ప్రతిచోటా మోటారు లేచింది.

"కట్ చెయ్యి నాయనా! నీకు దండం పెడతాను, కట్ చెయ్యి!" అని టవరప్ప ఫోన్లో అరిచాడు. రికార్డింగులతో మర్యాదగా మాట్లాడే మనిషి కదా, అప్పుడు కూడా దండం పెట్టాడు. రైతుకు కరెంటు కష్టం అనేదే లేకుండా చేస్తానని నాయకుడు చెప్తున్నాడు. ఆ మాట పూర్తి కాకముందే ఊరి చివర ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. తెల్లటి పొగ లేచింది. మోటార్లన్నీ ఒకేసారి నోరు మూసుకున్నాయి.

మరుసటి రోజు పొద్దున్నే ఆయన ఇంటి అరుగు మీద ఇరవై ఒక్క డబ్బాలు వరసగా పెట్టి ఉన్నాయి. ఒక్కరూ తిట్టలేదు. ఒకాయన మాత్రం వంగి, అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాడు. "లె... క్చ... రరు... సూసినాడంట."

నేను అక్కడే నిలబడి ఉన్నాను. జనం వెళ్లాక, "తప్పు నాదన్నా. ఎవరు చేసినా మోగుతుందన్న సంగతి నాకు తట్టి ఉండాల్సింది. చూడమని నువ్వు అడిగావు, నేను చూడలేదు" అన్నాను.

ఆయన ఒక డబ్బా తీసుకుని తుడుస్తూ, "నీ తప్పేమి లేదప్పా. నీకు తెల్దని నాకు తెల్దు. అది నా తప్పు" అన్నాడు.

అంతకంటే పెద్ద తిట్టు నన్ను ఇప్పటిదాకా ఎవరూ తిట్టలేదు. ఆయన తిట్టుగా అనలేదు కూడా.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆయన అంగడి తెరవలేదు. ట్రాక్టరుకు ఒక జనరేటర్ కట్టుకుని పొలం పొలం తిరిగి వరసగా తడులు పెట్టించాడు. తన పొలానికి చివర పెట్టాడు. అప్పటికే దాంట్లో సగం పూత రాలిపోయింది. వదిన మాత్రం తన డబ్బా ఒక్కటీ విప్పనివ్వలేదు. "నా మోకాలు నాకు ముఖ్యం. నాది అట్లే ఉండనీ" అంది.

మోటారు పని చేయకపోతే మళ్లీ తీగ చుట్టొచ్చు. నమ్మకం పోతే ఏం చుట్టాలి? ఊళ్లో వాళ్లు ఎదురుపడితే పలకరిస్తున్నారు గానీ, ఆయన చేతిలోని ఫోను వైపు మాత్రం చూడటం లేదు. ఆయన మూడుగీతల బండ దగ్గర కూర్చుని ఫోన్లు చేసుకునేవాళ్లను చూస్తూ ఉండిపోయేవాడు. పిచ్చి పట్టిందేమో అని భయపడ్డాను. ఒకరోజు నేనూ పక్కనే ఉండగా ఒక ముసలమ్మ వచ్చి, బెంగళూరులో పనిచేసే కూతురికి రింగు ఇచ్చి కట్ చేసి, వెనక్కి తిరిగింది. ఒక రింగు అంటే బాగున్నాం అని. రెండు రింగులంటే నువ్వు చెయ్యి అని. ఇది మా ఊరంతటికీ తెలిసిన భాష.

టవరప్ప ఎగిరి లేచాడు. నా భుజం పట్టుకుని ఊపేశాడు. "నాయకుడు మిస్డ్ కాల్ ఇయ్యడు గదప్పా!"

"అంటే?"

"ఆయప్ప ఎత్తేదాకా మోగిస్తాడు. లోన్లు కావాల్నా అనేవాళ్లూ అంతే, ఎత్తేదాకా మోగిస్తారు. మనోళ్లయితే ఎత్తకముందే కట్ చేస్తారు. కట్ చేసేవాడే మనోడు!"

అప్పటినుంచి ఆయన, వదిన ఉంచుకున్న డబ్బాకు మా ఊరి భాష నేర్పించాడు. రెండు రింగులిచ్చి కట్ చేసి, వెంటనే ఇంకొక రింగిచ్చి కట్ చేస్తేనే మోటారు తిరుగుతుంది. ఆపాలంటే మూడు రింగులు. అదేపనిగా మోగితే డబ్బా పట్టించుకోదు. ఇంకొకటి కూడా చేర్చాడు. మా పక్క బోర్లలో మోటారు తిరిగినంత మాత్రాన నీళ్లు వచ్చినట్టు కాదు. అందుకని తొట్లో నీళ్లు పడగానే తేలి లేచే ఒక బుర్ర పెట్టాడు. అది లేస్తే ఫోను బటన్ నొక్కుకుని, మోటారు వేసిన మనిషికే తిరిగి ఒక మిస్డ్ కాల్ వస్తుంది. అంటే నీళ్లొచ్చినాయి అని.

ఒకరి గుర్తింపును యంత్రం ఎలా పట్టుకోవాలి, చేరిందని తిరిగి ఎలా చెప్పాలి అన్నవి సెల్‌ఫోన్ల పరిశోధనలో పెద్ద సమస్యలు. వాటి పేర్లు చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "పేర్లు నువ్వు పెట్టుకోప్పా. నాకు పనుండాది" అన్నాడు.

డబ్బా అయితే తయారైంది, తీసుకునేవాడు లేడు. పోలింగ్ దగ్గర పడింది. ఈసారి ఇంకో పార్టీ నాయకుడు ఫోన్ల మీద పడ్డాడు. ఆ పొద్దు ఊరంతా వదిన బోరు దగ్గర చేరింది, ఈసారి ఏం పేలుతుందో చూద్దామని. గడ చివర ఫోను మోగింది. మోగుతూనే ఉంది. నాయకుడు విసుగొచ్చేదాకా మోగించి మానుకున్నాడు. మోటారు కదల్లేదు. తర్వాత బండ మీది నుంచి వదిన రెండు రింగులిచ్చి కట్ చేసి, ఒక రింగిచ్చి కట్ చేసింది. మోటారు లేచింది. తొట్లో నీళ్లు పడ్డాయి. కాసేపటికి బండ మీద ఆమె ఫోను ఒకసారి మోగి ఆగింది. "నీళ్లొచ్చినాయంట!" అని ఆమె అక్కడి నుంచి అరిచిన అరుపుకు ఇక ఫోనే అక్కర్లేదనిపించింది.

వారంలో ఇరవై ఒక్క డబ్బాలూ అరుగు దిగి పొలాలకు వెళ్లాయి. వదిన డబ్బాతో సహా అన్నింటికీ రంగు కొత్తగా వేశాడు. పైన పెద్ద అక్షరాల్లో ఎప్పటిలాగే "ఎత్తొద్దు". కింద చిన్న అక్షరాల్లో, "లెక్చరరు చూడలేదు."

"అదేందన్నా?" అన్నాను, ఏడుపు మొహంతో.

"అట్ల రాస్తేనే తీసుకుంటాండారప్పా, నేనేమి చేసేది" అన్నాడు. కళ్లలో మాత్రం నవ్వు దాచుకోలేకపోయాడు.

రెండేళ్ల తర్వాత ఆయనే మళ్లీ పిలిచాడు. వదిన బోరు దగ్గరి పాత డబ్బా దింపి, నా ముందు పెట్టి, "ఇంగొకసారి సూడప్పా" అన్నాడు. ఈసారి గంట కాదు, ఆదివారమంతా చూశాను. వదిన రెండు పూటలా భోజనం అక్కడికే తెచ్చింది. పొద్దు వాలుతుండగా ఒక తప్పు కనిపించింది.

"అన్నా, తెలియనివాళ్లు చేస్తే ఇది తిరగదు, సరే. అన్నీ తెలిసిన మనిషే, పని లేకుండా, ఊరికే రెండు రింగులు, ఒక రింగు ఇస్తే? అప్పుడు కూడా తిరుగుతుంది కదా?"

ఆయన కడుపు పట్టుకుని నవ్వాడు. "తెలిసినోడు ఊరికే యాల చేస్తాడప్పా?"

అయినా కుంచె తీసుకుని, ఆ ఒక్క డబ్బా మీద "లెక్చరరు చూసినాడు" అని మళ్లీ రాశాడు. నాకు పీహెచ్‌డీ పట్టా ఇచ్చిన రోజు కంటే ఆ రోజు ఎక్కువ సంతోషం వేసింది. ఇది అబద్ధం కాదు.

తర్వాత పడమటి గుట్ట మీద నిజం టవరే వచ్చింది. వెదురుగడలు దిగిపోయాయి. ఊరంతా నాలుగు గీతలే. టవరప్ప నోటుపుస్తకం రాయడం మానేశాడు. "ఇంగేమి రాసేదప్పా, యాడ సూసినా నాలుగే" అని దిగులుగా అనేవాడు. పోయిన ఏడాది చలికాలంలో ఒక పొద్దున ఛాతీ పట్టుకుని కూర్చున్నాడట, మదనపల్లె ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. ఆ వార్త బంధువులకు చెప్పడానికి ఊళ్లో వాళ్లంతా ఫోన్లు పట్టుకుని మూడుగీతల బండ దగ్గరికే వెళ్లారు. ఇంట్లోంచే చేయొచ్చని ఒక్కరికీ గుర్తు రాలేదు.

సెమినార్ ఇంకా నడుస్తుండగానే నేను లేచి బయటికొచ్చాను. కాలేజీ మైదానంలో వేపచెట్టు కింద నిలబడి ఫోను తీశాను. ఆయన నంబరు ఇంకా తీసేయలేదు. చేశాను. ఆయమ్మ పలికింది, ఆ వ్యక్తి అందుబాటులో లేరని. చివరిదాకా విన్నాను. సరే తల్లీ అన్నాను.

దాని కిందే ఇంకో పేరుంది, "టవరప్ప మోటారు" అని. నా ఫోన్లో నాలుగు గీతలున్నాయి, అయినా ఎడమకాలి చెప్పు విడిచి పాదం మట్టిలో అదిమాను. రెండు రింగులిచ్చి కట్ చేశాను. మళ్లీ ఒక రింగిచ్చి కట్ చేశాను.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత నా చేతిలో ఫోను ఒకసారి మోగి ఆగిపోయింది. తెర మీద టవరప్ప పేరు. మిస్డ్ కాల్. నీళ్లొచ్చినాయి.

నాకు ఏడుపొచ్చింది. దాన్ని దగ్గు చేసుకోవడానికి అక్కడ ఎవరూ లేరు.

అంతలో ఫోను మళ్లీ మోగింది. ఈసారి కట్ కాలేదు. మోగుతూనే ఉంది. వదిన. ఎత్తాను.

"ఏమప్పా, నువ్వేనా? డబ్బాలో ఫోను సూస్తే లెక్చరరు అని పడిండాది. కాయ పండుబారిండాది, ఇబ్బుడు నీళ్లు తగిల్తే పగిలిపోతాది. అన్నీ తెలిసినోడివి, ఊరికే యాల చేసినావప్పా?"

నేను ఫోను చెవికి అదిమి పట్టుకున్నాను. అవతల తొట్లో నీళ్లు పడుతున్న చప్పుడు వినిపిస్తోంది.

"నేనూ ఒగోసారి చేస్తాలే" అంది చివరికి, గొంతు తగ్గించి. "బోరు కాడనే కూసోని చేస్తా. ఆయప్ప పేరు పడతాది గదా." మళ్లీ గొంతు పెంచింది. "సరే సరే, మూడు రింగులు కొట్టి కట్ చెయ్యి. నువ్వు తిప్పిండావు, నువ్వే ఆపు. మడి మునిగిపోతాండాది!"

మూడో రింగుకు కట్ చేశాను. తలెత్తితే వరండాలో ప్రిన్సిపాల్‌గారు నిలబడి నా కాలి వైపే చూస్తున్నారు.

"ఏమైంది మాస్టారూ, కాలికి?"

"ఎర్తు సార్" అన్నాను.